తిరుగు బేరం

మా అనంతపురం రైతుకు బైబ్యాక్, అంటే అమ్మినదాన్నే తిరిగి కొనడం, కొత్తేమీ కాదు. నవంబరులో మండీకి తోలిన వేరుశనగ కాయనే, తొలకరి పడగానే విత్తనం పేరుతో ఎక్కువ ధర పెట్టి తిరిగి కొంటాడు. తరాలుగా ఈ పని చేస్తున్నా ఏ టీవీ చానలూ ఆయన్ని దార్శనికుడని పొగడలేదు. అప్పు పెరిగింది, అంతే. అదే పని బెంగళూరు సర్జాపూర్ రోడ్డులోని ఐటీ కంపెనీ విప్రో చేస్తే మాత్రం ఆర్థిక క్రమశిక్షణ.

2023 ఫిబ్రవరిలో విప్రో నుంచి కొందరు కొత్త ఇంజనీర్లకు ఈమెయిల్ వచ్చింది. ఏడాదికి 6.5 లక్షలని మాట తీసుకుని, శిక్షణ ముగించుకుని, పిలుపు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు వాళ్లు. ప్రపంచ పరిస్థితులు బాగా లేవు, 3.5 లక్షలకు చేరతారా అని అడిగారు. వద్దంటే పాత ఆఫర్ పదిలంగానే ఉంటుంది, కాకపోతే ఉద్యోగం ఎప్పుడో చెప్పలేరు. ఆ ఆఫర్‌కు పటం కట్టించుకోవచ్చు. మా జిల్లాలో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడి వెనక చదువు లోను ఉంటుంది, దాని వెనక నాన్న వేయించిన ఎండు బోర్ల అప్పు ఉంటుంది. సగం జీతమైనా సరేననక ఏం చేస్తాడు?

రెండు నెలలు దాటాయి, అంతే. ఏప్రిల్ 27న అదే కంపెనీ 12,000 కోట్లు పెట్టి తన షేర్లను తానే కొంటానని ప్రకటించింది, ఒక్కోటి 445 రూపాయలకు. బజారులో అప్పుడది 400 కూడా పలకడం లేదు. ఆ ఆర్థిక సంవత్సరంలో కంపెనీ లాభం సుమారు 11,350 కోట్లు. ఏడాది లాభమంతా ఊడ్చి, చాలక పాత నిల్వల్లో చెయ్యి పెట్టేంత ఉదారత! ప్రపంచ పరిస్థితులకు కుర్రాళ్ల జీతం అడ్రసు ఒక్కటే తెలుసు కాబోలు. పదివేలమందికి కోశారనుకున్నా, ఆ మూడేసి లక్షలు తిరిగిస్తే 300 కోట్లే, ఆ పన్నెండు వేలలో రెండున్నర శాతం.

నిపుణులు మనల్ని చూసి జాలిపడతారు. కొన్న షేర్లను రద్దు చేస్తారయ్యా, షేర్లు తగ్గితే మిగిలినవాటిలో ఒక్కోదానికి వచ్చే లాభం పెరుగుతుంది అంటారు. హారం తగ్గితే భిన్నం పెరుగుతుందని మా ఆరో తరగతి లెక్కల అయ్యవారు ఉచితంగానే చెప్పాడు. కొత్తగా ఒక్క కాంట్రాక్టు రాలేదు, ఒక్క లైను కోడు రాయలేదు, అయినా పనితీరు మెరుగుపడింది! 1998 దాకా ఈ దేశంలో కంపెనీలు సొంత షేర్లు ఇలా కొనడానికి చట్టం ఒప్పుకునేది కాదు. పాతకాలపు మొరటు చట్టం మరి.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. విప్రో షేర్లలో డెబ్భై శాతం పైగా ప్రమోటర్ల వైపే ఉన్నాయి. అందులో పెద్ద భాగం ఆదాయాన్ని విప్రో మాజీ ఛైర్మన్ అజీమ్ ప్రేమ్‌జీ దానధర్మాలకే రాసిచ్చారు, అది బడి పిల్లల చదువులకు పోతుంది. చేతులెత్తి మొక్కుదాం. అయితే చదువుకొమ్మని డబ్బిచ్చి, చదువుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డవాడితో నీకు సగమే అనడం ఏ జాతి దానమో నాకు బోధపడలేదు.

దానం సంగతి సరే, కూలి సంగతి చూడండి. ఉపాధి హామీ పథకం మా నార్పల మండలం బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. విప్రో ప్రకటన వచ్చిన ఆ ఏప్రిల్‌లోనే ఆంధ్రలో ఆ పథకం రోజు కూలి 257 నుంచి 272 రూపాయలకు పెరిగింది. చేతిలో డబ్బాడితే కూలీలు సోమరులవుతారని బెంగపడే పెద్దమనుషులకు మన దగ్గర కొదవ లేదు. గడ్డపార పట్టి పదిహేను రూపాయలు ఎక్కువ తెచ్చుకున్నామె సోమరి. కూర్చున్నచోటి నుంచి షేరు 445కి అమ్ముకున్నాయన మదుపరి.

ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. టీసీఎస్ కూడా ఆ ఏడాదే 17,000 కోట్లతో షేర్లు కొంది. ఇన్ఫోసిస్ 2025 ఫిబ్రవరిలో పరీక్ష తప్పారని మైసూరు క్యాంపస్ నుంచి మూడు వందలమందికి పైగా ట్రైనీలను ఇంటికి పంపింది. సెప్టెంబరులో 18,000 కోట్ల బైబ్యాక్ ప్రకటించింది.

విప్రో బేరానికి గడువు 2023 జూన్‌లో ముగిసింది. ఆ ఏడాది ఉద్యోగుల జీతాల పెంపు మాత్రం సెప్టెంబరు నుంచి డిసెంబరుకు వాయిదా పడింది. ప్రపంచ పరిస్థితులు మళ్లీ పాడైనట్టున్నాయి.