ఇరవైలో పంతొమ్మిది చుక్కలు

పాత పెళ్లి క్యాసెట్లను 'ఏఐతో 4కె' చేయించే కొత్త వ్రతం ఇప్పుడు నారాయణఖేడ్ అటకల మీద కూడా కన్ను వేసింది కనుక, ఆ వ్రత మహాత్మ్యాన్ని గణితశాస్త్ర సహాయంతో స్తుతించడం సముచితం. మన దేశం అనుసరించిన పాల్ పద్ధతిలో, అంటే సెకనుకు 25 బొమ్మలు చూపే టెలివిజన్ ప్రమాణంలో, క్యాసెట్టు నుంచి కంప్యూటర్‌లోకి తీసుకున్న ఒక్కో బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576, వెరసి 4,14,720 చుక్కలు ఉంటాయి; 4కె బొమ్మకు 3840, 2160 చొప్పున 82,94,400 చుక్కలు కావాలి. రెండో సంఖ్య మొదటిదానికి సరిగ్గా ఇరవై రెట్లు కాబట్టి, మెరిసిపోయే ఆ కొత్త వీడియోలో ప్రతి ఇరవై చుక్కల్లో పంతొమ్మిది పిలవని పేరంటానికి వచ్చినవే. మిగిలిన ఒక్కటైనా నిఖార్సైనదా అంటే, వీహెచ్‌ఎస్ క్యాసెట్టు అడ్డంగా విడదీసి చూపగలిగిన వివరమే సుమారు 240 గీతలు కనుక, దాని కులగోత్రాలూ సందేహమే.

ఈ పంతొమ్మిది ఎక్కడి నుంచి వస్తాయన్నది మరింత రమణీయమైన విషయం. లక్షలాది పరాయి ముఖాలను చూసి నేర్చుకున్న ప్రోగ్రాము, ఇక్కడ ముక్కు ఉండాలి కాబట్టి ముక్కు ఇలాగే ఉండి ఉంటుందని ఊహించి గీసి పెడుతుంది. వీడియో లైటు వెలుగుకు కళ్లు చికిలించిన మేనత్తకు విప్పారిన కళ్లు వస్తాయి, ముసలమ్మ చెంపల మీది స్ఫోటకపు మచ్చలు మాయమవుతాయి, ముక్కుపుడకను టేపు మీది మచ్చగా భావిస్తే అదీ తుడిచిపెట్టుకుపోతుంది. చివరికి పెళ్లికూతురు, తోడిపెళ్లికూతురు, అత్తగారు, ఆడపడుచు అందరూ ఒకే మైనపు చర్మంతో, ఒకే తల్లి బిడ్డల్లా, ఎవరికీ చెందని ముఖాలతో పందిట్లో కొలువుదీరతారు. వియ్యాలవారి మధ్య ఇంతటి రక్తసంబంధం కలిపిన ఘనత ఏ పెళ్లిళ్ల పేరయ్యకూ దక్కలేదు. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులు వేసినప్పుడు అవి వేసిన రంగులేనని అందరికీ తెలుసు, నలుపు తెలుపు చిత్రం దాని చోట అది ఉంది, పైగా ఫిల్ములో పట్టి ఉన్న వివరం క్యాసెట్టులో ఏనాడూ లేదు. పెళ్లి వీడియో విషయంలో మాత్రం గీసిన ముఖాన్నే అసలు ముఖమని చెప్పి అమ్ముతున్నారు, మరో పదేళ్లకు మనుమరాలు ఆ ముఖాన్నే నానమ్మ అనుకుంటుంది.

నాలుగుకు మూడు పాళ్ల బొమ్మను వెడల్పు టీవీకి సాగదీసి చుట్టాలందరినీ లావు చేయడం, పెన్‌డ్రైవ్‌ను మఖమల్ పెట్టెలో పెట్టి ఇవ్వడం వంటి చిల్లర లీలలను వదిలేయవచ్చు.

శబ్దం విషయంలో జరుగుతున్నది మాత్రం లీల కాదు, దుర్మార్గం. కర్ణాటక సరిహద్దున, బీదర్‌కు చేరువలో ఉన్న నారాయణఖేడ్ ప్రాంతపు పందిట్లో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకదానిలో ఒకటి కలిసి వినిపిస్తాయి, తండాల నుంచి వచ్చినవారి లంబాడీ మాట వాటికి తోడవుతుంది. ఆ కలగలుపు యాసను ఏ విశ్వవిద్యాలయమూ ఆ ఇంట్లో, ఆ రోజున రికార్డు చేయలేదు. చేసింది పెళ్లి కెమెరా ఒక్కటే. తలంబ్రాల దగ్గర ఆడవాళ్లు ఎత్తుకున్న పాట, అప్పగింతల్లో ఏడుపు మధ్య వినిపించే మందలింపు, ఇప్పుడు లేని మనుషుల గొంతులు, ఇవన్నీ 'గోల' అన్న పేరుతో చెరిపేసి వాటి మీద సినిమా పాట పరుస్తున్నారు. ఆనాటి మిక్సింగ్ వాళ్లు కొంత నాశనం చేసి వదిలిన దాన్ని ఈనాటివాళ్లు పూర్తి చేస్తున్నారు. తీరా దాన్ని యూట్యూబ్‌లో పెడితే, పాట హక్కుదారు కోసం కాపలా కాసే యంత్రం దాన్ని గుర్తుపట్టి ధ్వని మొత్తం తీసేయవచ్చు. అప్పుడు సొంత ఇంటి పెళ్లి మూగపోయి, తాళి కట్టే క్షణాన మేళం వాయించేవారి చెంపలు ఊరికే ఉబ్బుతూ ఉంటాయి.

నిజాయితీగా చేసే పనికి ఇంత ఆర్భాటం అక్కర్లేదు. మూడు గంటల క్యాసెట్టును ఎక్కించడానికి మూడు గంటలే పడుతుంది, దగ్గరి దారి లేదు. బూజు పట్టిన టేపును ముందు శుభ్రం చేయాలి, నిమిషానికి 1500 సార్లు తిరిగే హెడ్ డ్రమ్ము, అంటే టేపు మీది అయస్కాంత ముద్రను చదివే గుండ్రటి భాగం, అరిగిపోని వీసీఆర్ దొరకాలి, వణికే గీతలను సమయానికి సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ అన్న పరికరం మధ్యలో ఉండాలి, వచ్చిన బొమ్మను ఉన్నదున్నట్టు పెద్ద ఫైలుగా దాచాలి. వీసీఆర్‌ల తయారీలో చివరిదాకా నిలిచిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో వాటిని ఆపేసింది. టేపుల మీది వారసత్వం చేజారబోతోందని యునెస్కో 2019లోనే హెచ్చరిక కార్యక్రమం చేపట్టింది. మంచి వీసీఆర్ వెతకడానికి పెట్టాల్సిన డబ్బును ముఖాలు గీయించడానికి పెట్టి, పైగా క్యాసెట్టు ఇక పారేయవచ్చని సలహా ఇచ్చేవారికి ఈ సంగతులు చెప్పడం దండగ. వాళ్లను అడగాల్సినవి మూడే: మెరుగులు దిద్దకముందు తీసిన ఫైలు, అసలు శబ్దం, క్యాసెట్టు. ఇవి తిరిగి ఇవ్వలేని దుకాణం తన బోర్డు మీది 'జ్ఞాపకాలు భద్రపరచబడును' అన్న మాట తుడిచి 'ఇచ్చట బొమ్మలు గీయబడును' అని రాసుకోవాలి.