గ్లూకోజు బాటిలు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

సాయంత్రంవేళ వీధి చివరి క్లినిక్కులో, బల్లమీద వంతు కోసం కూర్చున్న రోగి లోపలికి పిలుపు రాగానే వైద్యుడితో పలికిన పద్యమిది. కవి అజ్ఞాతుడు. ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ భావం ఒక్కటే కావడంచేత, రోగిలోకమంతా కలిసి కూర్చిందని ఊహించవచ్చు.

మూలం

తే.గీ.
నీరసం బయ్యె డాక్టరూ నిలువలేను
బలము కోసము గ్లూకోజు బాటి లొకటి,
పసుపు మందును దానిలో బాగ కలిపి,
పోవునప్పుడు సూదియుఁ బొడిచి పంపు.

ప్రతిపదార్థం

డాక్టరూ = ఓ వైద్యుడా (గణాల ఇరుకులో 'గారు' జారిపోయింది, ఉన్నట్టే గ్రహించాలి; పట్టా ఉన్నవారికీ ఆర్‌ఎంపీకీ ఈ పిలుపు సమానం); నీరసంబయ్యె = ఒంట్లో సత్తువ పోయింది; నిలువలేను = నిలబడలేకున్నాను (బస్సులో నిలబడి వచ్చి చెప్పిన మాట); బలము కోసము = రేపటి పనికి పోగలిగేందుకు; గ్లూకోజు బాటిలొకటి = నూటికి అయిదు పాళ్ల గ్లూకోజున్న అర లీటరు సీసాను, అనగా 25 గ్రాముల గ్లూకోజును, ఇంచుమించు అయిదు చెంచాల పంచదార పాటి దాన్ని; పసుపు మందును = విటమిన్ల మిశ్రమాన్ని (ఆ రంగు బి2ది); బాగ కలిపి = పక్కమంచం వాళ్లకు కూడా కనబడేటంత పచ్చగా కలిపి; (ఎక్కించి = ఈ క్రియ మూలంలో లేదు, అధ్యాహారం. అసలు పని అదే కనుక చెప్పనక్కరలేదని కవి హృదయం); పోవునప్పుడు = ఫీజు ఇచ్చి వెళ్లేటప్పుడు; సూదియున్ = ఎర్రని బి12 ఇంజెక్షను కూడా; పొడిచి పంపు = వేసి పంపించు.

తాత్పర్యం

నోట పడ్డది తిండి మాత్రమే, నరానికెక్కినదే బలం అని భావం.

విశేషాలు

శంక: సీసా అయిపోగానే లేచి చకచకా నడిచిపోయినవాళ్లను చూశాం కదా?

సమాధానం: చూశాం. వాంతులకో విరేచనాలకో ఒళ్లెండిపోయి నోట నీళ్లు నిలవనివాడికి సీసా ప్రాణం పోస్తుంది. 1832లో స్కాట్లండ్‌లో థామస్ లాట్టా అనే వైద్యుడు కలరా రోగుల నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించింది అందుకే. తక్కినవాళ్లకు దక్కింది ఫ్యాను కింద గంటసేపు పడక. పట్టపగలు ఇంట్లో మంచమెక్కిన కోడల్ని 'ఏమిటీ పడక?' అని దులిపేసే నోరే, తలాపున వేలాడే సీసాను చూస్తే 'పాపం, ఎంత నలిగిపోయిందో' అంటుంది. సీసా పేరుతో అడిగింది ఆ గంటనే. పద్యంలోని ధ్వని ఇదే.

శంక: నోటితో తాగింది నరానికెక్కిన దానితో సాటి వస్తుందా?

సమాధానం: 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి, బనగావ్‌లో సెలైను నిండుకుంటే, వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించారు. చావులు బాగా తగ్గాయి. కలరాకే నోరు చాలినప్పుడు మనవాడి నీరసానికి చాలదా? ఇక రక్తహీనతకిచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు ఐరన్‌తో కలిసి మాత్రగా ఉచితంగా ఇంటికొస్తే దాన్ని అటకెక్కించి, డబ్బిచ్చి సీసా ఎక్కించుకుంటున్నదీ తెలుగువారే.

అపవాదం: సూది అందరికీ వృథా కాదు. బి12ను పేగులోంచి ఒంటికి పట్టించే పదార్థం పొట్టలో ఊరనివారికీ, పొట్ట తీసేసినవారికీ సాధారణంగా సూదే దారి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికీ, మాంసం, గుడ్లు, పాలు ముట్టనివారికీ కొరత రావచ్చు; రక్తపరీక్షలో తేలుతుంది. షుగరున్నవారికి గ్లూకోజు సీసా, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవారికి ఏ సీసా అయినా, వెనకాముందూ చూడకుండా ఎక్కిస్తే ముప్పే.

పాఠాంతరం: జూబ్లీహిల్స్ ప్రతిలో 'నీరసం బయ్యె'కు 'గ్లోవు తగ్గెను' అనీ, 'పసుపు మందు'కు 'గ్లూటాథయోన్' అనీ కనబడుతున్నది. బల్ల ఉండవలసిన చోట సోఫా ఉంది. యతి చెడింది గాని చర్మం మెరిసిందట. వెల పెరిగినా తాత్పర్యం మారలేదు.

రసం: తొమ్మిదింటిలో ఏదీ కాదు. సెలైను సీసా అయితే లవణరసం: అర లీటరుకు 4.5 గ్రాముల సోడియం క్లోరైడు.

అలంకారం: భ్రాంతిమంతం. ఒంటికి అక్కరలేని బి2 మూత్రంలో పసుపుపచ్చగా వెళ్లిపోతుంటే, చూసి 'మందు బాగా పట్టింది' అనుకోవడం దీనికి పరాకాష్ఠ.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని పదేపదే చదవవలసి వస్తున్నవారు ముందు హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోవాలి. సీసా తగిలించబోయేవారిని 'ఇది నాకెందుకండీ?' అని ఒక్క మాట అడగాలి. జబ్బు పేరు చెబితే చెయ్యి చాచాలి. 'బలానికి' అంటే మాత్రం లేచి ఇంటికి పోయి, పప్పన్నం తిని పడుకోవాలి.