గాజువాక చాటువుకు టీక

ఆ.వె.
ఒక్క రెక్క నమ్మి యొదిగిన కార్డుకు
రెక్క విరిగెనేని లెక్క విరుగు
అన్ని రెక్కలున్న యట్టి కార్డున కేమొ
గూడు దొరక దయ్య కొసరె తప్ప

అవతారిక: విశాఖ గాజువాక జంక్షన్‌లో గొడుగు కింద బల్ల వేసుకుని కార్డులమ్మే కుర్రవాడు, బి షిఫ్టు దిగి వస్తున్న ఉక్కు ఉద్యోగిని ఆపగా పుట్టిన పద్యమిది. కవి పేరు తెలియదు. సిబిల్ స్కోరు మాత్రం బాగుండి ఉండాలి.

ప్రతిపదార్థం: ఒక్క రెక్క = ఒకే విమాన సంస్థను; నమ్మి ఒదిగిన కార్డుకు = ఆ సంస్థ పేరు ముఖాన అచ్చేసుకున్న కార్డుకు; రెక్క విరిగెనేని = సంస్థ మూతపడినా, మరొకదానిలో కలిసినా; లెక్క విరుగు = కూడబెట్టిన మైళ్ల లెక్క తారుమారగును; అన్ని రెక్కలున్న యట్టి కార్డునకు = ఏ విమానానికైనా చెల్లే ట్రావెల్ కార్డుకు; గూడు దొరకదు = తనదంటూ ఒక సంస్థ ఉండదు; కొసరు = రివార్డు పాయింట్లు; అయ్య = పాదపూరణం, లేదా కార్డుదారు మీద జాలి.

‘గూడు దొరుకు నయ్య కోరినపుడు’ అని చివరి పాదానికో పాఠాంతరం ఉంది. బ్యాంకు వారి ప్రక్షిప్తం. ఫోనుకు వచ్చే ప్రకటనల్లో తప్ప ఏ ప్రతిలోనూ కనబడదు.

విశేషాలు: రెక్క విరగడం అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. దాని మైళ్లు ఇంటర్‌మైల్స్ పేరుతో బతికాయి గానీ, ఎక్కడానికి జెట్ లేదు. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిరిండియాలో కలిసింది. పాయింట్లు గల్లంతు కాలేదు, మహారాజా ఖాతాకు మారాయి. విస్తారా చూసి కార్డు పుచ్చుకున్నవాడు మాత్రం పెళ్లి ఒకరితో, కాపురం ఒకరితో అన్నట్టయ్యాడు.

పూర్వపక్షం: విశాఖలో ఎక్కువ విమానాలు ఇండిగోవే కదా, ఆ కార్డే చాలదా? చాలును, బెంగళూరులో కూతురుండి పండక్కీ పబ్బానికీ వెళ్లివచ్చే ఉక్కునగరం దంపతులకు. మన విమానాశ్రయం నడిచేది నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగ రన్‌వే మీద. ఇష్టం వచ్చిన వేళ ఇష్టం వచ్చిన విమానం దిగే చోటు కాదది. కాబట్టి ముందు చూడవలసింది కార్డును కాదు, టైంటేబుల్‌ను. అయితే అదే దంపతులు సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి స్కూట్ విమానంలో సింగపూర్ పోదామంటే ఇండిగో పాయింట్లయిన బ్లూచిప్‌లు అక్కరకు రావు. పాయింట్లను ఆ సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్ మైళ్లుగా మార్చనిచ్చే ట్రావెల్ కార్డు అక్కడ నెగ్గుతుంది. ఎన్నింటికి ఎన్ని అన్న మారకం మాత్రం బ్యాంకు చేతిలోది.

మల్కాపురం మెరైన్ ఇంజనీరు సంగతి మరీ విచిత్రం. ఓడ ఎక్కడానికి పోయే విమానం టికెట్టు కొనేది కంపెనీ. ఎగిరినందుకు వచ్చే మైళ్లు సభ్యత్వ నంబరు ఇచ్చిన ప్రయాణికుడివి, కార్డు పాయింట్లు డబ్బు కట్టినవారివి. అతడి కార్డు మీద పడేవి కిరాణా, పిల్లల ఫీజులే. విమానం బొమ్మున్న కార్డు అతడికెందుకు?

ధ్వని: వార్షిక రుసుము మీద 18 శాతం జీఎస్టీ. బాకీ మిగిలితే చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం పైన వడ్డీ, అంటే ఏడాదికి నలభై దాటుతుంది. అప్పుడు రెక్క ఒకటైనా పదైనా ఒకటే. కవి ఈ ముక్క ఎత్తలేదు. ఆటవెలదిలో ఇమిడి ఉండదు, సీసమైతే పట్టేది.