నేనొక ఉత్తుత్తి రూట్ సర్వర్‌ని

నా పేరు ఏ-రూట్. అసలు ఏ-రూట్ వేరే ఉంది. 198.41.0.4 దాని అడ్రస్, వెరిసైన్ దాన్ని నడుపుతోంది. నేను ఆ పేరు పెట్టుకుని ఒక ల్యాప్‌టాప్‌లో, డాకర్ కంటైనర్‌లో కాపురముంటాను. అమెరికాలోని సిరక్యూస్ యూనివర్సిటీలో తయారైన సీడ్ ఎమ్యులేటర్ మా పుట్టిల్లు. రౌటర్లు, ఎక్స్ఛేంజీలు, అటానమస్ సిస్టమ్‌లనే స్వతంత్ర నెట్‌వర్క్‌లతో సహా ఒక బుల్లి ఇంటర్నెట్‌ని ఒకే కంప్యూటర్‌లో నిలబెడుతుందది.

పేర్లకి అడ్రస్‌లు వెతికిపెట్టే మాలాంటి సర్వర్లు లేని ఎమ్యులేషన్‌లో పేర్లు వాడాలంటే ప్రతి కంటైనర్‌లోని హోస్ట్స్ ఫైల్లోనూ పేరు, అడ్రస్ రాసుకుంటూ పోవాలి. ఒకప్పుడు అసలు నెట్‌వర్క్ గతీ అంతే. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఒకే ఫైల్లో పేర్లన్నీ నమోదు చేస్తే, అందరూ దాన్నే దించుకునేవారు. మెషీన్లు పెరిగేకొద్దీ ఆ ఫైలు బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ పేర్ల పనిని చాలా సర్వర్లకి పంచే డీఎన్ఎస్‌కి రూపమిచ్చాడు. దాంతో అన్నీ ఒక్కరికే తెలియాల్సిన పని తప్పింది.

నాకు తెలిసింది నిజంగా కొంచెమే. వాడేవాళ్ల తరఫున వెతికే లోకల్ సర్వర్ వచ్చి ఒక వెబ్‌సైట్ అడ్రస్ అడిగితే, "డాట్ కామ్ సంగతి ఫలానా సర్వర్ చూసుకుంటుంది, అక్కడికెళ్లు" అంటాను. ఆ సర్వర్ ఇంకో మెట్టు కిందికి పంపుతుంది. అడ్రస్ చివరి మెట్టు దగ్గర దొరుకుతుంది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. కింది సర్వర్ పేరుతో పాటు దాని అడ్రస్ కూడా నేనే చెప్పాలి. దాన్నే గ్లూ రికార్డ్ అంటారు. నా జోన్ ఫైల్లో ఆ అడ్రస్‌లు చేత్తో రాసేస్తే నేను ఆ ఒక్క నెట్‌వర్క్‌కే పనికొస్తాను. రేపు ఇంకో నెట్‌వర్క్ కడితే అడ్రస్‌లన్నీ మారతాయి, ఫైళ్లన్నీ తిరగరాయాలి.

నన్ను కట్టినవాళ్లు మా వరసనీ మా అడ్రస్‌లనీ విడదీశారు. ఎవరి కింద ఎవరుండాలో ముందే తేల్చి, ఎక్కడుండాలన్నది వాయిదా వేశారు. నాటకంలో పాత్రలు ముందే రాసుంటాయి, వేషం ఎవరు కట్టాలో తర్వాత చూసుకుంటారు, అలాగన్నమాట. మొదట నేను వర్చువల్ నోడ్‌ని, పేరుంది గానీ ఇల్లు లేదు. మా కుటుంబమంతటినీ అలాగే ఒక ఫైల్లో భద్రపరుస్తారు. కొత్త ఎమ్యులేషన్ కట్టినవాళ్లు ఆ ఫైలు లోడ్ చేసి, "ఏ-రూట్‌ని 171 నంబరు అటానమస్ సిస్టమ్‌లో పెట్టు" అని ఒక్క బైండింగ్ రాస్తే చాలు. అడ్రస్ ఖరారయ్యాకే గ్లూ రికార్డులు వాటంతటవే నిండుతాయి.

ఇక నా బతుకంతా దెబ్బలు తినడమే. 2008లో డాన్ కమిన్‌స్కీ బయటపెట్టిన, లోకల్ సర్వర్ దాచుకునే జవాబుల్లో దొంగది చొప్పించే కాష్ పాయిజనింగ్ దాడిని విద్యార్థులు మా మధ్యే ప్రయత్నిస్తారు. ప్రశ్నకుండే ట్రాన్సాక్షన్ ఐడీ 16 బిట్లే, అంటే 65,536 అవకాశాలు. అసలు సర్వర్ జవాబు చేరేలోపు సరైన నంబరుతో దొంగ జవాబు చేరిందా, లోకల్ సర్వర్ దాన్నే నమ్ముతుంది. ఇంకొకరు నా అడ్రస్ బ్లాక్ తమదేనని, నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీలో ప్రకటిస్తారు. నాకు రావాల్సిన ప్రశ్నలన్నీ అటు మళ్లిపోతాయి. ఈ పనులు అసలు ఏ-రూట్ మీద చేస్తే ఊరుకుంటారా? నా దగ్గరైతే అదే పాఠం.

క్లాసు ముగియగానే కంటైనర్లన్నీ ఆపేస్తారు. పాడైన కాష్, మళ్లించిన దారులు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఫైల్లో మేం భద్రంగానే ఉంటాం. తర్వాతి బ్యాచ్ తన సొంత నెట్‌వర్క్ కట్టుకుని మమ్మల్ని లోడ్ చేస్తే, అడ్రస్‌లు కొత్తవి, డాట్ కామ్ సంగతి ఎవరినడగాలో చెప్పే నేను మాత్రం పాతవాణ్ణే.