ఐటిస్, ఓమా, నేనూ

మా కాలనీలో నన్ను డాక్టరు సారంటారు. నేను చదివింది బీఎస్సీ లెక్కలు, చేసింది హైస్కూల్లో పంతులుద్యోగం. ఈ డాక్టరు పట్టా నాకు ఏ యూనివర్సిటీ ఇవ్వలేదు. నేనే సంపాదించుకున్నాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, అడుక్కుని సంపాదించుకున్నాను.

తప్పులో కొంత వాటా మా ఊరికీ ఉంది. వరంగల్లో బతికేవాడికి వైద్యం గాలిలో అంటుకుంటుంది. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచీ ఇక్కడే ఉంది. ఎంజీఎం ఆసుపత్రికి ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి, మానుకోట నుంచి జనం వస్తూనే ఉంటారు. ఆ ఆసుపత్రి ముందు నిలబడి చాయ్ తాగితే చాలు, గ్లాసు ఖాళీ అయ్యేలోపు నాలుగు రోగాల పేర్లు చెవిన పడతాయి. ఇంత వైద్యం మధ్య తిరుగుతూ ఒక్క ముక్కా నేర్చుకోకపోతే ఊరికే అవమానం కదా అనుకున్నాను.

మా చెల్లెలి కూతురు ఎంబీబీఎస్‌లో చేరి, పాత పుస్తకాలు కొన్ని మా ఇంట్లో పడేసింది. అందులో ఒకటి తెరిచాను. కొంప మునిగింది అక్కడే. వైద్యం పేర్లన్నీ ముక్కలుగా విడగొట్టొచ్చట! చివర ఐటిస్ ఉంటే వాపు, మంట. ఎక్టమీ ఉంటే కోసి తీసేయడం. ఆస్టమీ అంటే దారి చేయడం, స్కోపీ అంటే లోపలికి తొంగి చూడటం. ముందు అవయవం: గ్యాస్ట్రో అంటే కడుపు, హెపటో అంటే కాలేయం, నెఫ్రో అంటే మూత్రపిండం, ఆర్థ్రో అంటే కీలు. లెక్కల పంతులికి ఇంకేం కావాలి? ఎక్స్ ఉన్నచోట అవయవం పెట్టు, సమాధానంగా రోగం వస్తుంది. ఎంబీబీఎస్‌కు అన్నేళ్లెందుకో ఆ సాయంత్రం నాకు నిజంగానే అర్థం కాలేదు.

ఆ తర్వాత మా అరుగు ఓపీ అయిపోయింది. "సారూ, గీ రిపోర్టు జర సూడుండ్రి" అంటూ జనం వచ్చేవాళ్లు. రిపోర్టు చేతికి రాగానే మాట్లాడకూడదు. కళ్లద్దాలు తీయాలి, లుంగీ అంచుతో తుడవాలి, మళ్లీ పెట్టుకోవాలి, పేజీ అడుగున ఇంప్రెషన్ అని ఉన్నచోట వేలు పెట్టి "ఊఁ" అనాలి. ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టి చూస్తుంటాడు. ఆ "ఊఁ"లో ఉన్న సుఖం ముప్పై ఏళ్లు ఎక్కాలు అప్పజెప్పించుకున్నా నాకు దొరకలేదు. మీరు నవ్వుతున్నారు గానీ, మీ ఇంట్లోనూ ఒక బాబాయి ఉండే ఉంటాడు. కాకపోతే మీరే ఆ బాబాయి.

చిన్న చిన్న పొరపాట్లు ఎన్నో చేశాను. ఆక్యూట్ అంటే భయంకరమని, క్రానిక్ అంటే అంతకంటే భయంకరమని చెప్పి చాలామందిని ఏడిపించాను. ఆక్యూట్ అంటే హఠాత్తుగా వచ్చేది, క్రానిక్ అంటే ఏళ్ల తరబడి ఉండేది, అంతే. ఆ లెక్కన మామూలు జలుబు కూడా ఆక్యూటే. నా చీటీ మీద ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్ అని రాసి ఉంటే, నాకున్న బీపీ అత్యవసరమైన బీపీ అని మా ఆవిడకు గర్వంగా చెప్పాను. ఫలానా కారణమని వేలు పెట్టి చూపలేని బీపీని అలా అంటారని తర్వాత తెలిసింది. గట్టిపడిన రక్తనాళాల్లోంచి నెత్తురును తోయాలంటే ఆ మాత్రం పోటు అవసరమేనని ఒకప్పటి డాక్టర్లు అనుకునేవారట, పేరు అందుకే వచ్చిందట. అంటే నాకంటే ముందే పెద్దవాళ్లు కూడా పొరబడ్డారు. ఎంత హాయిగా అనిపించిందో!

ఇక హీమటోమా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.

పక్కింటి అవ్వ బాత్రూంలో జారిపడింది. తొడ నల్లగా కమిలింది. స్కానింగ్ రిపోర్టు నా దగ్గరికి వచ్చింది. చివర ఓమా కనపడగానే నా గుండె ఝల్లుమంది. ఓమా అంటే కంతి, పుస్తకంలో ఉంది. కళ్లద్దాలు తుడిచాను. ఈసారి "ఊఁ" కూడా అనలేదు, తల అడ్డంగా ఊపాను. అంతే, కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది, పెద్దకొడుకు గోడకు చేరగిలపడ్డాడు, సూరత్ మగ్గాల మీద ఉన్న చిన్నకొడుక్కి ఫోను పోయింది, వాడు దొరికిన రైలెక్కి కాజీపేటలో దిగాడు, కరీంనగర్ నుంచి బిడ్డలు వచ్చారు, అవ్వేమో ఇంతమంది ఒక్కసారి ఎందుకొచ్చారో తెలియక "పండుగేమన్న ఉన్నదా?" అని అడుగుతోంది. అప్పుడు దిగింది మా మేనకోడలు. రిపోర్టు చూసింది, నన్ను చూసింది. "మామా, హీమా అంటే రక్తం. రక్తం గడ్డకట్టింది, కమిలిందంతే. కాపడం పెట్టుకుంటె కొన్నాళ్లకు అదే పోతది. గ్లకోమాల గూడ ఓమా ఉంటది, అది కంటి జబ్బు, గడ్డ గాదు. లైపోమా ఒట్టి కొవ్వు గడ్డ. లింఫోమా అయితె క్యాన్సర్. తోక జూసి చెప్పెటట్టయితె మాకు కాలేజెందుకు?" అంది.

సూరత్ కొడుకు నన్నేమీ అనలేదు. టికెట్ డబ్బులు ఇవ్వబోతే కూడా తీసుకోలేదు. అదే ఇంకా మండింది.

ఇంత జరిగాక బుద్ధి రావాలి కదా? మనిషికి బుద్ధి అంత తేలిగ్గా వస్తే పంతుళ్ల ఉద్యోగాలే ఉండవు. కొన్నాళ్లకు ఎక్కడో తగ్గింపు ధరకు ఒళ్లంతా పరీక్షలు చేస్తున్నారంటే మా ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లి, నేను చేయించుకున్నాను. రిపోర్టులో రెండు అంకెల పక్కన చుక్కలు. చుక్క ఉంటే తేడా ఉన్నట్టు. అసలు ఆ నార్మల్ హద్దులు ఎలా గీస్తారు? ఆరోగ్యంగా ఉన్నవాళ్లను చాలామందిని పరీక్షించి, మధ్యలో ఉన్న 95 శాతం మందిని లోపల పెట్టి, మిగతా 5 శాతాన్ని బయట వదిలేస్తారు. చాలా పరీక్షలకు పద్ధతి ఇదే. అంటే ఏ జబ్బూ లేనివాడికి కూడా ఒక్కో పరీక్షలో 5 శాతం చుక్క రాసిపెట్టి ఉంది. ఒకదానితో ఒకటి పొత్తులేని పరీక్షలు 20 చేస్తే ఒక్క చుక్కా లేకుండా బయటపడే అవకాశం, 0.95ను ఇరవైసార్లు వేసి గుణించండి, దాదాపు 36 శాతం. మిగతా 64 శాతం మందికి ఏదో ఒక చుక్క తప్పదు. ముప్పై ఏళ్లు పిల్లలకు సంభావ్యత చెప్పినవాణ్ని, నా సొంత రిపోర్టు ముందు ఈ లెక్క తట్టలేదు. భయం ముందు బీఎస్సీ పనిచేయదు.

చుక్కలను దాటి ఈసీజీ తీశాను. పైన టైపు చేసి ఉంది: సైనస్ రిథమ్.

నాకు చిన్నప్పటి నుంచీ సైనస్ ఉంది. చలికాలం వస్తే ముక్కు బిగుసుకుపోతుంది. ఆ సైనస్ ముక్కులోంచి గొంతులోకి, గొంతులోంచి గుండెలోకి దిగిందన్నమాట! ఇంకేముంది, పసుపు వేసి గిన్నెడు నీళ్లు మరిగించాను, దుప్పటి ముసుగేసుకుని ఆవిరి పట్టాను, ముఖం ఉడికింది, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది, అది రోగం ముదరడమేననుకుని మళ్లీ ఆవిరి పట్టాను, అర్ధరాత్రి బీరువా తెరిచి బాండ్లన్నీ మంచం మీద పరిచి నామినీ పేర్లు సరిచూశాను, డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి బీరువా తాళం ఎక్కడ పెడతానో చెప్పాను. మా ఆవిడ లేచి కూర్చుని అంతా చూసి ఒకటే అడిగింది: "గుండెకు ఆవిరి ముక్కుల నుంచి పోతదా?"

తెల్లారి గుండె డాక్టరు దగ్గర కూర్చున్నాం. "ఏమైతుంది సార్?" అని ఆయన అడిగాడు. "సైనస్ రిథమ్ సార్, దానికి తోడు ఆక్యూట్ యాంగ్జైటీ" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. "సైనస్ రిథమ్ నాకూ ఉంది. మీ మేడంకూ ఉంది. లేకపోతేనే నా దగ్గరికి రావాలె" అన్నాడు. గుండెలో కుడివైపు పైగదిలో సైనస్ నోడ్ అని చిన్న కణజాలం ఉంటుందట. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అని ఇంగ్లండులో ఇద్దరు కనిపెట్టారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు గుండెకు తాళం వేసేది అదే. తాళం అక్కడి నుంచే వస్తోందని చెప్పడమే సైనస్ రిథమ్. నా ముక్కుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

"జబ్బు పేరు నేను చెప్తా. మీకేమైతుందో మీరు చెప్పండి" అన్నాడు. నాకు మాట రాలేదు. రోగి చెప్పేది సింప్టమ్, డాక్టరు చూసి, తాకి పట్టుకునేది సైన్. ఆ రెండూ ముందు, పరీక్షలు వాటి వెనక. నేను మొదటిదాన్ని ఎప్పుడో వదిలేసి నేరుగా చివరి పేజీలో కూర్చున్నాను.

నా అవస్థ చూసి ఆయన మా ఆవిడ వైపు తిరిగి, మీకేమన్నా ఉందా అమ్మా అన్నాడు. "సారూ, గీ కుడిపక్క, పక్కబొక్కల కింద గుంజుతది. బతుకమ్మ పండుగ కాడి సంది. నూనెవి, మటనుగిటన్ తిన్న రాత్రి మస్తు నొస్తది. గంట, రెండు గంటలుంటది, వెనకకు భుజం దాంక పోతది, కక్కొచ్చినట్టయితది, తర్వాత దానంతటదే పోతది" అంది. ఆయన ఒక్క మాట కూడా వదలకుండా రాసుకున్నాడు. పొట్ట స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనపడ్డాయి. ఆ నొప్పికి నేను గ్యాస్ట్రైటిస్ అని పేరు పెట్టి, బతుకమ్మ నుంచీ గ్యాస్ బిళ్లలు మింగిస్తున్నాను. ఈ ముక్క రాస్తుంటే మాత్రం నవ్వు రావడం లేదు.

మా వరంగల్లోనే ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కాళోజీ పేరు పెట్టారు. జనం పలుకుబడిలోనే రాయమని జీవితమంతా పోరిన మనిషి. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ పేరున గ్రీకు, లాటిన్ పదాల పరీక్షలు జరుగుతాయేమిటని ఇదివరకు వెటకారం చేసేవాణ్ని. ఆ రోజు ఆ డాక్టరు కాగితం మీద పక్కబొక్కల కింద గుంజుడంతా ఎక్కాక వెటకారం మానేశాను.

మా ఆవిడకు కోలిసిస్టెక్టమీ చేశారు, అంటే పిత్తాశయం తీసేశారు. ఇప్పుడు మటన్ తింటోంది, బాగానే ఉంది.

మీరు డాక్టరు దగ్గరికి వెళ్తే నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, దేనికి పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది, ఏ మందులు మింగుతున్నారు, ఇవన్నీ మన మాటల్లోనే ఒక చీటీ మీద రాసుకుపోండి. రిపోర్టులో అర్థం కానిది ఆయన్నే అడగండి. నా దగ్గరికి మాత్రం తేకండి. తెస్తే, ఒట్టు, కళ్లద్దాలు తుడుచుకుంటాను.