నేను హాలీ రూపాయిని

హైదరాబాద్ రాజ్యానికి సొంత నాణెం ఉన్న కాలంలో సర్కారు టంకశాలలో పుట్టాను. నా ఒక ముఖాన చార్మినార్ ఉంటుంది. దాని నడిమి కమానులో చిన్నగా మీమ్ అనే ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుకు గుర్తు. పదకొండు గ్రాముల పైచిలుకు బరువులో నూటికి ఎనభై పాళ్లకు మించి వెండే. బ్రిటిష్ వాళ్ల రూపాయిని మా దగ్గర కల్దారు అనేవాళ్లు. ఆరు కల్దార్లు కావాలంటే మేము ఏడుగురం వెళ్లాల్సి వచ్చేది.

జనగామ అంగట్లో ఒక కౌలు రైతు నువ్వుల బస్తా అమ్మిన సొమ్ములో నన్నూ తీసుకుని భార్య చేతిలో పెట్టాడు. ఆమెను ఇంట్లో అందరూ అవ్వ అనేవాళ్లు. నా బతుకులో మంచి రోజులంటే అవే. ఉప్పుకు పోయాను, చీరకు పోయాను, విత్తనాలకు పోయి మళ్లీ పంట నాడు అదే ఇంటికి తిరిగొచ్చాను. ఎవరి చేతిలో పడ్డా ఒక పని జరిగేది.

రెండో ప్రపంచ యుద్ధంతో అది చెడింది. 1940లో బ్రిటిష్ సర్కారు కల్దారులో వెండిని సగానికి తగ్గించింది. మా రాజ్యంలో కూడా రూపాయి కాగితాలు తిరగసాగాయి. ధరలు పెరిగాయి, లెవీ పేరుతో గల్లా ఊళ్ల నుంచి బండ్లకెక్కింది. కాగితాన్ని ఖర్చు పెట్టి వెండిని దాచుకోవడం మొదలైంది. జనానిది తప్పంటానా? అనను. పుట్టెడు గింజలు పండించినవాడు పిల్లల కోసం జొన్నలు కొనుక్కోవాల్సిన కాలమది. అయితే మంచి నాణేలన్నీ ముంతల్లోకి పోతే అంగడి నడిచేదెట్లా?

1948లో భయం ముదిరింది. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. ఆగస్టులో బైరాన్‌పల్లిలో ఊరి జనాన్ని నిలబెట్టి కాల్చేశారు. ఆ వార్త జనగామ పల్లెల్ని నిద్రపోనివ్వలేదు. సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వస్తోందనగానే ఇంకో మాట పుట్టింది: నిజాం పోతే నిజాం రూపాయి పెంకాసు. ఆ మాట పుట్టించినవాళ్లే సంచులు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. 'పది హాలీలకు ఆరిస్తం, రేపొస్తే గవి కూడ రావు' అన్నారు. చాలామంది ఇచ్చేశారు. పెద్దల భయం ఇంకో తీరు. ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఖజానా సొమ్ము పది లక్షల పౌండ్లు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు చేరాయి. దాని తగాదా తేలడానికి 2019 దాకా పట్టింది.

అవ్వ మమ్మల్ని ఎవరికీ ఇవ్వలేదు. ఒక రాత్రి ముంతలో పోసి, మూతికి బట్ట కట్టి, పశువుల కొట్టంలో గుంజ పక్కన పాతిపెట్టింది. పెనిమిటికి కూడా చెప్పలేదు. కొద్ది కాలానికే జ్వరమొచ్చి చనిపోయింది.

నేల కింద గడిపిన ఆ ఏళ్ల గురించి చెప్పుకోవాలి. పైన ఎద్దుల గిట్టలు దిగబడేవి. వానాకాలం తేమ ముంతలోకి ఊరేది. మేము ఒకరికొకరం అంటుకుపోయి నల్లబడ్డాం. పైనేమో లోకం మారింది. 1950లో కౌలు చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారు తాను దున్నుతున్న భూమిని కొనుక్కునే వీలు కలిగింది. మా ఇంటాయన ఆ మాట విని రాత్రంతా కొట్టంలో కూర్చున్నాడు. 'కట్టడానికి చేతుల పైసల్లేవు' అని కొడుకుతో అన్న మాట నాకు మట్టిలోంచి వినిపించింది. ఆయన కూర్చున్న చోటికి జానెడు లోతున ఉన్నాం మేము. నా బతుకులో అంతకు మించిన కష్టం లేదు, నన్ను కరిగించినా సరే.

నిజాం రూపాయి పెంకాసు కాలేదు. యూనియన్‌లో కలిశాక కూడా ఏళ్ల తరబడి మా నాణెం, భారత రూపాయి పక్కపక్కనే చెల్లాయి. ఏడుకు ఆరు లెక్కన మార్చుకోనిచ్చారు. ఆ తర్వాతే మమ్మల్ని ఆపేశారు. ఓపిక పట్టినవాడికి పెద్దగా పోయిందేమీ లేదు. నష్టపోయింది పదికి ఆరు తీసుకున్నవాళ్లు, మాలాంటి ముంతల్ని మరిచిపోయినవాళ్లు.

1974లో గోడ కడుతూ గడ్డపార వేస్తే ముంత పగిలింది. అవ్వ కొడుకు నన్ను తుడిచి కిరాణా కొట్టుకు తీసుకుపోయాడు. కొట్టతను రెండు వైపులా తిప్పి చూసి బల్ల మీద పెట్టి వెనక్కి నెట్టాడు. 'ఇది నడవది' అన్నాడు. ఒకప్పుడు నన్ను చూస్తే లేచి నిలబడి సరుకు కట్టిన అంగడి అది. ఆ ఏడాదే దేశంలో ధరల పెరుగుదల పాతిక శాతం దాటింది. స్వతంత్రం వచ్చాక అంత మంట అరుదు. 'ఇగ పైసలకు విలువ లేదు, అంతా కూలిపోతది' అని ఊరంతా అన్నది. కూలిపోలేదు. కడుపు కాలింది మాత్రం నిజం.

తోటి నాణేలు పట్టీలకు, వడ్డాణాలకు కరిగిపోయాయి. నన్ను ఒక్కదాన్ని గుర్తుగా ఉంచి అవ్వ మనవరాలి పెళ్లికి ఒడిబియ్యంలో వేశారు. అట్లా రైలెక్కి మానుకోట చేరాను. సర్కారు కాగితాల్లో అది మహబూబాబాద్, నా కమానులోని మీమ్ ఎవరి పేరో ఆ ఊరి పేరూ ఆయనదే.

1991లో దేశం దగ్గర కొద్ది వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకమే మిగిలింది. జులైలో రిజర్వు బ్యాంకు నలభై ఏడు టన్నుల దాకా బంగారాన్ని తాకట్టు పెట్టింది, రూపాయి విలువను రెండు దఫాలు తగ్గించారు. నర్సంపేట పక్కన లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు అప్పుడు ప్రధానమంత్రి. మానుకోట వాడల్లో మళ్లీ అదే మాట: అంతా అయిపోయింది. అప్పుడూ అయిపోలేదు.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ కొత్త జిల్లాలయ్యాయి. నెల తిరగకముందే, నవంబరు 8 రాత్రి, ఐదు వందల, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. దేశంలో తిరిగే నోట్ల విలువలో నూటికి ఎనభై ఆరు వంతులు అవే. పత్తి, వడ్లు అమ్ముకునే రోజులవి. మా ఇంటామె పప్పు డబ్బాలో దాచిన నోట్లను నా పక్కన పరిచి లెక్కపెట్టింది, చేతులు వణికాయి. మళ్లీ సంచులవాళ్లు వచ్చారు, మళ్లీ నూటికి ఇంత పట్టుకుని మిగతాది ఇస్తామన్నారు.

ఆ వారాల్లోనే మహబూబాబాద్ జిల్లాలో భూమి అమ్మిన డబ్బంతా చిత్తుకాగితమైపోయిందని నమ్మి ఒక ఇల్లాలు ప్రాణం తీసుకుంది. బ్యాంకులో వేసుకోవడానికి డిసెంబరు 30 దాకా గడువుంది. ఆ సంగతి ఆమెకు కూర్చోబెట్టి చెప్పిన మనిషి ఉండి ఉంటే! రద్దయిన నోట్లలో నూటికి తొంభై తొమ్మిదికి పైగా బ్యాంకులకు తిరిగొచ్చాయని తర్వాత రిజర్వు బ్యాంకే లెక్క చెప్పింది. డబ్బు తిరిగొచ్చింది, ఆమె రాలేదు. ఒక్క రాత్రిలో అట్లా చెప్పినవాళ్ల మీద నాకు కోపం ఉంది, దాచుకోను. మమ్మల్ని ఆపినప్పుడు ఏళ్ల గడువిచ్చారు.

ఇప్పుడు భూపాలపల్లిలో ఉన్నాను. మానుకోట ఆమె బిడ్డను చాలా ఏళ్ల కిందటే ఇక్కడి బొగ్గుగని కార్మికుడికి ఇచ్చారు, నోట్ల రద్దు తర్వాత నేనూ ఆ బిడ్డ దగ్గరికి వచ్చాను. వాళ్ల కొడుకు పొద్దస్తమానం ఫోన్‌లో ఎవరెవరి మాటలో వింటాడు. జర్మనీలో 1923లో డబ్బును తోపుడు బండ్ల మీద తీసుకుపోయారట, జింబాబ్వేలో వంద లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చేశారట, రేపు మనకూ అంతేనట. రెండెకరాలు అమ్మి వెండి కొందామంటాడు.

జర్మనీ, జింబాబ్వేల సంగతి నిజమే. అక్కడ ఉత్పత్తి కూలింది. జర్మనీలో రూర్ గనులు, కర్మాగారాలు ఆగిపోయాయి, జింబాబ్వేలో పొలాలు పాడుబడ్డాయి. ఆ ఖాళీని నోట్ల అచ్చుతో నింపబోయారు. నెలకు యాభై శాతం చొప్పున ధరలు పెరిగితే దాన్ని అతి ద్రవ్యోల్బణం అంటారు. స్వతంత్రం వచ్చాక మన దేశపు గడ్డురోజుల్లో కూడా ఏడాదికి ముప్ఫై శాతం అటూ ఇటూ. 2016 నుంచి రిజర్వు బ్యాంకుకు నాలుగు శాతం అనే గురి ఉంది, దానికి రెండు ఎక్కువైనా తక్కువైనా పరవాలేదు. 2025 జూన్‌లోనైతే తెలంగాణలో చిల్లర ధరలు ఏడాది కిందటికన్నా కొంచెం తగ్గాయి. అసలు దెబ్బ మెల్లగా పడుతుంది. ఏడాదికి ఆరు శాతం పెరిగినా పన్నెండేళ్లలో డబ్బాలో దాచిన నోటు విలువ సగమవుతుంది. దాని గురించి ఏ ఫోనూ అరవదు, కూలి పెరగని మనిషికి మాత్రం ప్రతి శనివారం అంగట్లో తెలుస్తుంది.

2025లో వెండి కిలో లక్షకు పైగా పలికింది. ధర తెలుసుకుందామని తల్లినీ నన్నూ వెంటబెట్టుకుని ఆ పిల్లగాడు వెండి దుకాణానికి వచ్చాడు. సేటు నన్ను గీటి చూశాడు. 'స్వచ్ఛమైన వెండి కాదు, తరుగు పోతది' అన్నాడు. చార్మినార్ వైపు కన్నెత్తి చూడలేదు. తూకం వేసి, తరుగు తీసి, గల్లాపెట్టెలోంచి కాగితాలు లెక్కపెట్టి ఇచ్చాడు. రేపు చెల్లవని ఆ పిల్లగాడు భయపడుతున్న కాగితాలే. నా వెండికి ధర కట్టడానికి సేటు దగ్గర ఉన్నదీ అవే. పిల్లగాడు వాటిని చూస్తూ నిలబడ్డాడు. తల్లి అతని చేతిలోంచి తీసుకుని కొంగున ముడేసుకుంది.

నన్ను పాత గొలుసుల పక్కన సొరుగులో పడేశారు. గుమ్మం దిగుతూ ఆమె కొడుకుతో అంటోంది: 'భూమి ముచ్చట ఇగ ఎత్తకు బిడ్డా. నడువు, ముందుగాల విత్తనాల షాపు బాకీ కడుదాం.'