తెల్లదారం పెద్దాయన

అమెరికాలో కారు బయట ఎండలో, గ్యారేజీలో లైటు వెలుగుతూ కనిపించిందంటే లోపల ఎవరో రిటైరైన పెద్దాయన ఏదో ఒకటి తయారుచేస్తున్నాడని లెక్క. కొందరు కుర్చీలు చేస్తారు, కొందరు బీరు కాస్తారు. నేను చెప్పే రకం మాత్రం గాలం కర్రలకి దారం చుడుతుంది. ముక్కు మీద కళ్లజోడు, నుదుటి మీద భూతద్దం, చొక్కా జేబులో కవరు కూడా విప్పని రేజరు బ్లేడు. టెక్సాస్‌లో వీధికొకడు ఉండడు గానీ ఊరికొకడు తప్పకుండా ఉంటాడు.

"చేపలు బాగా పడతారా?" అని అడిగి చూడండి. పెళ్లిలో సంగీత విద్వాంసుడిని భోజనం ఎలా ఉందని అడిగినట్టు చూస్తాడు.

ఆయన బాధంతా కర్ర రంగుతో. కర్ర అంటే కార్బన్ గొట్టం. ఈ పనిలో ఉన్నవాళ్లు బ్లాంకు అంటారు. చాలావరకు నల్లగా ఉంటుంది. లైను పోవడానికి దాని మీద గైడ్లనే రింగులు పెట్టి, దారంతో బిగించి చుట్టి, పైన ఎపాక్సీ పూయాలి. పని అంతే. వెదురు కర్రల రోజుల్లో ఏ దారం చుట్టినా చెల్లిపోయేది, కర్రే తేనె రంగులో ఉండేది కనుక. 1973లో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైట్ కర్రని బజారులోకి దించింది. 1973 అంటే అమెరికాలో ఆయన ఈడువాళ్లకి పెట్రోలు కరువు గుర్తొస్తుంది. ఈయనకి మాత్రం కర్ర నల్లబడిన సంవత్సరం.

నల్లకర్ర మీద తెల్లదారమో, లేత పసుపుదో చుడితే కళ్లు చెదిరేంత అందంగా ఉంటుంది, ఎపాక్సీ పూసేదాకా. నైలాన్ పోగుల మధ్య గాలి ఉన్నంతసేపూ వెలుగు అక్కడే చెదిరి మన కంటికి తిరిగొస్తుంది. ఎపాక్సీ ఆ గాలిని వెళ్లగొట్టి తాను కూర్చుంటుంది. ఇక వెలుగు దారంలోంచి దూరి కింది నలుపులో కలిసిపోతుంది. పుష్కరాల రేవులో మునిగి లేచిన పెద్దమనిషి తెల్లపంచెని చూసినవాళ్లకి ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. తెలుపు బూడిదవుతుంది, పసుపు బురద పచ్చలోకి దిగుతుంది.

దీనికి మందు కలర్ ప్రిజర్వర్. పాలలా పల్చగా ఉంటుంది. ఎపాక్సీకి ముందే దారానికి పట్టిస్తే పోగుల్లో ఆరి, ఎపాక్సీని లోపలికి రానివ్వదు. సీసా మీద రాసింది నాలుగు ముక్కలే. మన పెద్దాయన దాన్ని నాలుగు రోజుల వ్రతంగా మార్చాడు. ముందు దారం చుట్టుని నున్నటి పుల్లతో రుద్ది పోగుకీ పోగుకీ మధ్య సందు లేకుండా చేస్తాడు. తరవాత మందు, పీల్చినంతా పీల్చాక మిగిలింది తుడవడం, ఒక పగలూ రాత్రీ ఆరబెట్టడం, మళ్లీ మందు. తడి ఉండగా ఎపాక్సీ పూస్తే మబ్బు పట్టినట్టు తయారవుతుందని భయం. ఆ నాలుగు రోజులూ గ్యారేజీలో బట్టల డ్రయ్యరు తిరగకూడదు, నూగు లేస్తుంది. పిల్లి రాకూడదు. వాళ్లావిడ వారం బట్టలూ కారులో వేసుకుని లాండ్రీకి పోతుంది.

ఐదో రోజు ఎపాక్సీ. రెండు సిరంజిల్లో సమంగా తీసుకుని, బుడగలు రాకుండా మెల్లగా కలిపి, మోటారు మీద నింపాదిగా తిరుగుతున్న కర్రకి కుంచె ఆనిస్తాడు. తప్పించుకున్న బుడగలకి స్పిరిట్ దీపం సెగ చూపిస్తాడు. దారం తెల్లగా మెరుస్తూ ఉంటుంది. పది నిమిషాలు గడుస్తాయి. గైడు పాదం పక్కన, దారం కర్ర మీంచి పాదం మీదికి ఎక్కేచోట, ఇటొకటి అటొకటి చిన్న సొరంగాలుంటాయి. కుంచె అందని చోటు అదొక్కటే. అక్కడ ఆవగింజంత మచ్చ పుడుతుంది. ఆయన చూస్తుండగానే పెసరగింజంత అవుతుంది. జేబులో బ్లేడు ఎందుకుందో మనకి అప్పుడు తెలుస్తుంది.

మందు అక్కర్లేని దారాలు లేకపోలేదు. లోపలే దట్టమైన రంగు దట్టించి అమ్ముతారు, ఎపాక్సీ పోసినా చలించవు. "అది దారమా, సుద్దముక్కా?" అంటాడు. జరీ దారం కూడా రంగు మారదు. "కర్రకి పెళ్లా?" అంటాడు. మందు పూస్తే ఎపాక్సీ లోపలికి ఇంకదు, పట్టు సడలుతుందని వాదించేవాళ్లతో మాటలు ఎప్పుడో మానేశాడు. పట్టుదారం చుట్టి, రంగు పోయి కింది వెదురు కనిపిస్తే మురిసిపోయే వెదురు కర్రలవాళ్లని అసలు మనుషుల్లోనే జమకట్టడు. దారం కింద కర్రకి ముందే తెల్లరంగు వేసెయ్యడం అన్నిటికన్నా సులువు. ఆ మాటెత్తితే మాత్రం ముఖం ఎర్రబడుతుంది. మూలన తువ్వాలు కప్పి ఉన్న కర్ర గురించి నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనిపించింది.

"చేపకి ఈ రంగు కనిపిస్తుందా?" అని ఆవిడ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. నీళ్లలో ఉండేది ఎర, కర్ర ఉండేది పడవలో.

"చేపకోసం ఎవరు చుడుతున్నారు?" అంటాడాయన. ఇదీ న్యాయమే.

టెక్సాస్‌లో లార్జ్‌మౌత్ బాస్ చేపల రికార్డు 18.18 పౌండ్లు. 1992 జనవరిలో లేక్ ఫోర్క్ చెరువులో పడింది. పట్టినాయన అసలు క్రాపీ అనే చిన్న చేపకోసం ఎర వేసి కూర్చున్నాడు. ఆ రాష్ట్రంలో గాలం పట్టిన ఎవరిని కదిపినా ఈ కథ మొదలెడతారు. మా పెద్దాయనకీ తెలుసు. కథంతా తల పంకిస్తూ విని, చివర్లో ఆ కర్రకి ఏ రంగు దారమో చెప్పమంటాడు. ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు దాన్ని రికార్డు అనడం దేనికని ఆయన ఉద్దేశం.

కర్రలు ఊరికే ఇచ్చేస్తాడు. తీసుకున్నవాళ్లకి ఒకటే షరతు, ఎండలో వదలకూడదు. ఎండకి ఎపాక్సీ పసుపు తిరుగుతుంది. మొన్న ఒక స్నేహితుడు ఆయనిచ్చిన కర్రతో మోచేయంత బాస్‌ని పట్టి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఫోటో పంపాడు. పెద్దాయన ఫోనులో ఫోటోని పెద్దది చేశాడు. చేప జరిగిపోయింది, స్నేహితుడి నవ్వు జరిగిపోయింది, పడవ అంచుకి ఆనించిన కర్ర వచ్చింది. భూతద్దం దింపి చాలాసేపు చూశాడు. జవాబు కూడా వెంటనే కొట్టాడు: "మూడో గైడు దగ్గర మచ్చలా ఉంది. కర్ర వెనక్కి పంపు."